కొండా పొదా కలిసిన చోటే ఉండే పికిలి

పికిలి పిట్ట తెలియని తెలుగువాళ్లు అరుదు. నల్లటి తల, తలపై చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. పెరట్లో ఏ పండు పండినా ముందు వాలేది అదే. ఊరు దాటి చిల్లచెట్ల బీడులోకి వెళితే దాని చుట్టం ఒకటి కనిపిస్తుంది. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, కంటి పైన తెల్లటి కనుబొమ, మనిషి అలికిడి వినగానే పొదలోకి దూరిపోయే బిడియం. దాని పేరు పొద పికిలి. ఇంకా ముందుకు వెళ్లి, గుండ్లు పేర్చినట్టున్న రాతి గుట్ట ఎక్కితే, అదృష్టం బాగుంటే మూడోది ఎదురవుతుంది. తలా గొంతూ పసుపు. కుచ్చు లేదు. పేరు కొండ పొద పికిలి.

ఆ పేరులోనే దాని చిరునామా ఉంది. కొండ ఉండాలి, కొండ మీద పొద ఉండాలి. పొదలుండి గుట్ట లేని బీడులో పొద పికిలి తిరుగుతుంది. గుట్ట ఉన్నా పొదలు నరికేస్తే అక్కడ ఊళ్లో తిరిగే మామూలు పికిలే మిగులుతుంది. రెండూ కలిసి ఉన్న చోటే ఈ మూడో పిట్ట కాపురం. ఈ పేరు పెట్టింది పుస్తకాలు చదివినవాళ్లు కాకపోవచ్చు, గుట్టల వెంట తిరిగి పిట్టల్ని పట్టినవాళ్లే అయి ఉండాలి. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పక్షి గ్రంథాల్లో ఈ తెలుగు పేరు నమోదై ఉంది. ఇప్పుడు పక్షి ప్రేమికులు ఎక్కువగా పసుపు గొంతు పికిలి అంటున్నారు. అది ఇంగ్లీషు పేరుకు అనువాదం. రంగు తెలుస్తుంది కానీ పిట్ట ఎక్కడ, ఎలా బతుకుతుందో తెలియదు. పాత పేరే మేలు. ఈ వ్యాసంలో అదే వాడుతున్నాం.

శాస్త్రీయ నామం పిక్నోనోటస్ జాంథోలీమస్. గ్రీకు భాషలో జాంథోస్ అంటే పసుపు, లైమోస్ అంటే గొంతు. ప్రపంచం మొత్తంలో ఈ పిట్ట ఉండేది దక్షిణ భారతంలో మాత్రమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళలో ఒక చిన్న మూల. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఇది ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతుల వరుసలో ఉంది. పులికీ ఏనుగుకూ దొరికిన పేరు దీనికి దొరకలేదు. ఒక్క జత కూడా దేశం బయట లేని పిట్ట, అందులోనూ ప్రధానంగా రాయలసీమ గుట్టలనూ వాటి పొరుగు కొండలనూ నమ్ముకున్న పిట్ట, తెలుగువాళ్లకే తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

శాస్త్రలోకానికి దీని కబురు అందింది కూడా తెలుగు నేల నుంచే. థామస్ కావర్‌హిల్ జెర్డాన్ (1811–1872) ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. వైద్యం ఒక చేత్తో, పక్షులూ చీమలూ పాములూ ఇంకో చేత్తో. నెల్లూరుకు పడమరగా ఉన్న తూర్పు కనుమల నుంచి వచ్చిన నమూనా ఆధారంగా 1845లో ఈ పికిలిని ప్రపంచానికి పరిచయం చేశాడు. నెల్లూరు నుంచి పడమరగా చూస్తే కనబడేది వెలిగొండలు. ఆ వెనక పాలకొండలు, శేషాచలం, ఆపైన సీమ పీఠభూమి. ఈ పిట్ట రాజ్యానికి తూర్పు గుమ్మం అదే.

ఆ తర్వాత మూడేళ్లకు, 1848లో, అదే ప్రాంతపు చిట్టడవుల నుంచి జెర్డాన్ పేరుతో ఇంకో పక్షి లోకానికి తెలిసింది. కలివికోడి. అది 20వ శతాబ్దం మొదట్లో కనుమరుగై, అంతరించిందని అందరూ అనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పోయి దొరికింది కాబట్టి కలివికోడికి పేరొచ్చింది, లంకమలలో అభయారణ్యం వచ్చింది. కొండ పొద పికిలి ఎప్పుడూ పూర్తిగా మాయం కాలేదు. వెతికినవాళ్లకు అడపాదడపా కనబడుతూనే ఉంది. అందుకే ఎవరికీ కంగారు పుట్టలేదు. రెండు పక్షులదీ ఒకే రకం నేల. ఒకటి చదునైన పొదల బీడును పట్టుకుంది, రెండోది రాతి వాలును.

ఇక పిట్ట రూపం. కొలత ముక్కు కొస నుంచి తోక కొస దాకా సుమారు 20 సెంటీమీటర్లు, అంటే మామూలు పికిలి అంతే. వీపు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. తల పసుపు కలిసిన ఆకుపచ్చ, గొంతు తేటైన పసుపు. రొమ్ము, పొట్ట బూడిద రంగు. తోక మొదట్లో కింది భాగం పసుపు, తోక కొస కూడా పసుపు పూసినట్టుంటుంది. ఎండ పడిన గుండు మీద ఒక్క క్షణం వాలితే గొంతు మెరుస్తుంది. ఆ వెంటనే పొదలో కలిసిపోతుంది.

పొరపాటు పడేది ఎక్కువగా పొద పికిలి దగ్గరే. రెండూ ఒకే తీరు పిట్టలు, గుట్ట పాదం దగ్గర ఒకే పొదలో దొరికేవి. పొద పికిలికి తెల్లటి కనుబొమ స్పష్టంగా ఉంటుంది, కొండ పొద పికిలికి ఉండదు. అసలు చిక్కు గొంతు రంగుతో కాదు, గొంతులోంచి వచ్చే కూతతో. రెండింటి కూతలూ చాలా దగ్గరగా ఉంటాయి. నీళ్లు బుడబుడమన్నట్టు హఠాత్తుగా ఎగసి, హఠాత్తుగా ఆగిపోయే గబగబా పలుకు. అనుభవం ఉన్నవాళ్లు కూడా చెవిని మాత్రమే నమ్ముకుని లెక్క రాయరు, కంటితో చూసే దాకా ఆగుతారు. ఇది చిన్న వివరంలా అనిపిస్తుంది గానీ, ఈ పిట్ట ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అనే లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి.

పిట్టను అర్థం చేసుకోవాలంటే ముందు రాయిని అర్థం చేసుకోవాలి. దక్కన్ దక్షిణ భాగం కింద ఉన్న శిల ప్రపంచంలోని పాత శిలల్లో ఒకటి. రామనగరం మీదుగా ఉత్తర దక్షిణాలుగా సాగే గ్రానైట్ పట్టీ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. సీమలో అనంతపురం, చిత్తూరు వైపు గుట్టలు చాలావరకు ఇదే తరానికి చెందిన గ్రానైటు, నైసు శిలలే. ఈ శిల భూమి లోతుల్లో గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ల పాటు కోసుకుపోయాక బరువు తగ్గి, అడ్డంగా నిలువుగా పగుళ్లు తేలింది. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. దిమ్మె మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవి ముందు కుళ్లి రాలతాయి. ఉల్లిపాయ పొరలు ఊడినట్టు ఒక్కో పొరా ఊడి, చతురస్రంగా ఉన్న దిమ్మె గుండ్రటి గుండు అవుతుంది. చుట్టూ ఉన్న మట్టి వానలకు కొట్టుకుపోతే గుండు మీద గుండు నిలబడి మిగులుతుంది. ఎవరో రాక్షసుడు ఆడుకుంటూ పేర్చాడని ఊళ్లలో చెప్పుకునే గుట్టలు ఇలా పుట్టినవే.

ఈ గుండ్ల మధ్య సందులే పిట్టకు ప్రాణం. మే నెలలో బోడి బండ మీద చెయ్యి పెట్టలేం. అదే బండ కింద, ఎండ ఎప్పుడూ పడని సందులో, గాలి చల్లగా ఉంటుంది, తేమ నిలుస్తుంది. గుండు నీడ తిరిగే కొద్దీ పిట్టలు ఒక సందు నుంచి ఇంకో సందుకు మారతాయి. డేగ వస్తే దూరడానికి అదే చోటు.

రాతి రెండో మేలు నీరు. అనంతపురం వైపు ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. చదును నేల మీద పడిన చిన్న వాన పై మట్టిని తడిపి ఆవిరైపోతుంది. బండ మీద పడిన వాన ఇంకదు, జారుతుంది. 100 చదరపు మీటర్ల బండ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్ల నీరు జారి, అంచున ఉన్న ఇరుకైన మట్టి సందులోకి చేరుతుంది. అంటే బండ అంచున మొలిచిన పొదకు దక్కే నీరు, ఆకాశం ఇచ్చిన వానకు కొన్ని రెట్లు. అందుకే చుట్టూ పొలాలు ఎండి ఉన్నప్పుడు కూడా గుట్ట సందుల్లో పొదలు పచ్చగా ఉంటాయి, కాయలు కాస్తాయి. బండలో పల్లం ఉన్న చోట నీరు నిలిచి దొన అవుతుంది. ఎండాకాలం ముదిరాక పిట్టలు ఈ దొనల దగ్గరికే నీటికి వస్తాయి. పశువుల కాపరులకు ఏ గుట్ట మీద ఏ దొన ఏ నెల దాకా నిలుస్తుందో బాగా తెలుసు. ఆ లెక్క కొండ పొద పికిలికి కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ఏప్రిల్ దాటదు.

ఈ పిట్ట కొన్ని గుట్టల మీదే ఎందుకు ఉంటుందన్న పాత ప్రశ్నకు దీంతో జవాబు దొరుకుతుంది. ఈ పిట్ట కనిపించే చోట్లు పటంలో గుర్తు పెడితే చెల్లాచెదురుగా ఉంటాయి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, రిషి వ్యాలీ చుట్టూ ఉన్న గుట్టలు, పెనుకొండ, శేషాచలం, నల్లమల. బెంగళూరు దగ్గరి నంది కొండలు, రామనగరం గుట్టలు, తుమకూరు వైపు దేవరాయనదుర్గ. తమిళనాడులో సెంజి కోట, ఏర్కాడు ఉన్న షెవరాయ్ కొండలు. వీటి ఎత్తుల్లో పోలిక లేదు. నంది కొండ 1,478 మీటర్లు, సెంజి కోట గుట్టలు దానిలో మూడో వంతు కూడా రావు. కొన్ని తూర్పు కనుమల్లో ఉన్నాయి, కొన్ని పీఠభూమి మధ్య ఒంటరి గుట్టలు. ఎత్తు కాదు, కనుమల వరుస కాదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: ఏటవాలు రాయి, దాన్ని పట్టుకున్న ముళ్ల పొదలు.

దీనికి గట్టి సాక్ష్యం కేరళ నుంచి వస్తుంది. వానలకు పేరుపడ్డ ఆ రాష్ట్రంలో ఈ పిట్ట చిన్నార్ అభయారణ్యంలో ఉంది. మున్నార్ టీ తోటలకు అది ఎంతో దూరం కాదు. కానీ పడమటి కనుమలకు ఆవలి వైపు, వాన నీడలో ఉన్న లోయ. మున్నార్‌లో కుండపోతగా కురిసే మబ్బు ఇక్కడికి వచ్చేసరికి ఖాళీ అవుతుంది. ఫలితంగా కేరళలోనే ఒక ముక్క రాయలసీమ లాంటి నేల: బండలు, జెముడు, ముళ్ల కంప. పిట్ట దాన్ని వెతికి పట్టుకుంది. దట్టమైన అడవి పక్కనే ఉన్నా దానిలోకి వెళ్లలేదు.

తిండి విషయంలో ఇది అసలు సిసలు పికిలి. పళ్లు, పురుగులు. పరిమి కాయలు, బలుసు పళ్లు, పులిచేరు, కొండకసింద, నాగజెముడు పళ్లు, గుట్టలంతా కమ్మేసిన లంటానా పళ్లు. గొర్రెల కాపరుల పిల్లలు జేబుల్లో నింపుకునే పళ్లూ ఇవే. చిన్న పండును చిదపదు, మింగేస్తుంది. గుజ్జు అరిగి, గింజ రెట్టలో బయటికి వస్తుంది. ఆ రెట్ట ఎక్కడ పడుతుందో చూడాలి. పిట్ట కూర్చునేది గుండు మీద, దాగేది సందులో. కాబట్టి గింజ కూడా గుండు పగులులో, సందు మట్టిలో పడుతుంది. నీరు చేరే చోటు కూడా అదే అని పైన చూశాం. మనిషి గొయ్యి తీసి, నీళ్లు పోసి నాటినా బతకని మొక్క, అక్కడ తనంతట తాను లేస్తుంది. గుట్ట మీద పరిమి, బలుసు వరుసలు బండ అంచులు పట్టుకుని పెరగడంలో పికిళ్ల పాత్ర పెద్దది. పొద పిట్టను పోషిస్తుంది, పిట్ట పొదను నాటుతుంది. ఈ పని పికిళ్లన్నీ చేస్తాయి. కానీ నిటారుగా ఉన్న రాతి వాలు మీద రోజంతా తిరిగే పికిలి ఇదొక్కటే.

లంటానా సంగతి కాస్త ఆగి చూడాలి. అది అమెరికా ఖండాల నుంచి తోటల అందం కోసం తెచ్చిన మొక్క. ఇప్పుడు తరమలేని కలుపు. కొండ పొద పికిలి దాని పళ్లు తింటుంది, గింజలు చల్లుతుంది. అందుచేత లంటానా పిట్టకు మేలే కదా అనిపించవచ్చు. ఒక్క పొదే అయితే మేలే. కానీ పిట్ట ఏడాది పొడవునా బతకడానికి కావలసింది ఒకదాని తర్వాత ఒకటిగా పండే పది రకాల పొదలు. పరిమి ఒక నెల, బలుసు ఇంకో నెల, జువ్వి మరో నెల. లంటానా అన్నిటినీ తొక్కేసి తానొక్కటే మిగిలితే, అది కాయని నెలల్లో పళ్లెం ఖాళీ. పైగా ఎండు లంటానా నిప్పు అంటుకుంటే ఆరదు. కాబట్టి దీన్ని పిట్టకు నేస్తం అనడం తొందరపాటు.

జూన్ నుంచి ఆగస్టు వరకు ప్రధానంగా గూళ్ల కాలం. తొలకరి పడగానే పురుగులు పెరుగుతాయి. పెద్ద పిట్టలు పళ్లతో కడుపు నింపుకోగలవు గానీ, పెరిగే పిల్లకు మాంసకృత్తులు కావాలి. గూడు పికిళ్ల పద్ధతిలో చిన్న గిన్నె. తల్లీ తండ్రీ పురుగులూ పళ్లూ రెండూ తెచ్చి పెడతాయి. పొట్టి పొదల్లో, బండలను ఆనుకుని పెట్టే గూళ్లు కాబట్టి పాము, ముంగిస, కోతి అన్నిటికీ అందుతాయి. ఆ మూడు నెలలు పొద దట్టంగా ఉండటం, నేల మీద అలికిడి తక్కువగా ఉండటం పిట్ట సంసారానికి కీలకం. గుట్టల మీదికి వారాంతపు జనం పోటెత్తేది కూడా సరిగ్గా తొలకరి పచ్చదనం మొదలయ్యాకే.

వలస పోయే జాతి కాదు ఇది. ఒక గుట్ట పట్టుకుంటే ఏడాదంతా అక్కడే. దూరాలు ఎగిరే రెక్క నిర్మాణం కూడా కాదు. పొద నుంచి పొదకు, గుండు నుంచి గుండుకు తక్కువ ఎత్తులో ఎగురుతుంది. ఈ లెక్కన ఒక్కో గుట్ట ఒక్కో దీవి. చుట్టూ వేరుశనగ చేలు, టమాటా తోటలు, లేఅవుట్లు. రెండు గుట్టల మధ్య ఇంకో చిన్న గుట్ట ఉంటే పిల్ల పిట్ట ఒక అంగలో అక్కడికి, రెండో అంగలో అవతలికి చేరగలదు. వాగుల్లో దాటడానికి వేసుకున్న రాళ్ల లాంటివి ఈ చిన్న గుట్టలు. పెద్ద గుట్ట మీద పిట్టలున్నాయి కదా, పక్కనున్న పేరులేని చిన్న గుట్ట పోతే ఏమిటి అనే వాదన ఇక్కడే ఓడిపోతుంది. చిన్నది పోతే పెద్దది ఒంటరి అవుతుంది. ఒంటరి గుట్ట మీది పిట్టలు ఒక కార్చిచ్చుకో, వరుస కరువులకో పోతే వాటి చోటు నింపడానికి వచ్చే పిట్టలు ఉండవు.

ఆ చిన్న గుట్టలే ముందు పోతున్నాయి. కారణం అందరికీ తెలిసిందే, క్వారీ. వంటింటి గట్టు మీద నున్నటి పలక, హైవే కింద కంకర, స్లాబులో కలిసే చిప్స్, అన్నీ ఎక్కడో ఒక గుట్ట నుంచి వచ్చినవే. పొదలు నరికితే పదేళ్లకైనా మళ్లీ లేస్తాయి. మంట వచ్చి పోతే వేళ్ల నుంచి చిగురిస్తాయి. మేకలు మేసినా, కట్టెలు కొట్టినా గుట్ట ఓర్చుకుంటుంది. రాయిని తీసేస్తే మాత్రం దానికి తిరిగి రావడం లేదు. 250 కోట్ల ఏళ్ల శిల, అది గుండుగా మారడానికి పట్టిన లక్షల ఏళ్లు, ఇవి ఏ పునరుద్ధరణ పథకానికీ అందేవి కావు. క్వారీ మూసేశాక గొయ్యి నీళ్లతో నిండుతుంది, చుట్టూ మొక్కలు నాటవచ్చు కూడా. సందులు, దొనలు, ఏటవాలు బండ మాత్రం ఉండవు. అడవులు నరకడం గురించి దేశంలో ఎంతో చర్చ జరిగింది. గుట్టను తినేయడం గురించి అంత జరగలేదు. రెండింటిలో వెనక్కి తీసుకోలేని నష్టం గుట్టదే.

పేలుడు జరిగే గుట్ట ఒక్కటే పోదు. క్రషర్ దుమ్ము పక్క గుట్ట పొదల ఆకుల మీద పేరుకుంటుంది. లారీల బాట గుట్ట పాదాన్ని కోస్తుంది. గుట్ట మీద బతికేది పికిలి ఒక్కటీ కాదు. బండల మధ్య పరుగెత్తే జిట్టకోడి, సందులో పగలంతా కునికే పెద్ద గుడ్లగూబ, గుహలో పిల్లల్ని పెట్టే ఎలుగుబంటి, చిరుత, ఎండలో తల ఊపే రాతి తొండ, ఇవన్నీ ఒకే ఇంట్లో వాటాదారులు. సీమలో ఎలుగుబంటి ఊళ్లోకి వచ్చిందన్న వార్త చదివినప్పుడు, ఆ చుట్టుపక్కల ఏ గుట్ట మీద పని మొదలైందో ఒకసారి అడగడం న్యాయం.

క్వారీ కంటే ముందు గుట్టను ఓడించేది కాగితం. రెవెన్యూ రికార్డులో అది గుట్ట పోరంబోకు. పంట పండదు, పన్ను రాదు. దేశస్థాయిలో చూస్తే, కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి 2000లో తొలిసారి ప్రచురించిన బంజరు భూముల అట్లాస్ ఉంది. ఉపగ్రహ చిత్రాలతో ఎంతో శ్రమపడి చేసిన పని. అందులో రాతి నేలలు ఒక రకం బంజరు, పొదల నేలలు ఇంకో రకం బంజరు. కొండ, పొద. పిట్ట పేరులోని రెండు మాటలూ ఆ జాబితాలో ఉన్నాయి, రెండూ పనికిరాని నేల కిందే. మరో వైపు భారత అటవీ సర్వే సంస్థ లెక్కలో, చెట్ల నీడ 10 శాతం కంటే తక్కువ ఉన్న అటవీ నేలను పొదల నేలగా విడదీస్తారు. అది అటవీ విస్తీర్ణం అంకెలోకి రాదు. ఈ పిట్ట ఇల్లు ఒక పుస్తకంలో బంజరు, ఇంకో పుస్తకంలో అడవి కాదు. ఏ ఉద్యోగీ చెడ్డ మనసుతో ఇలా రాయలేదు. వర్గీకరణ పంటనూ కలపనూ దృష్టిలో పెట్టుకుని తయారైంది, పిట్టను ఎవరూ అడగలేదు.

ఈ పేరు పెట్టడం వల్ల ఇంకో చిక్కు వస్తుంది. బంజరు అన్నాక దాన్ని బాగుచేయాలనిపిస్తుంది. పొదలు తీసి నీలగిరి, తుమ్మ లాంటి చెట్లు నాటితే ఉపగ్రహ చిత్రంలో ఆకుపచ్చ పెరుగుతుంది, అటవీ విస్తీర్ణం పెరిగిందని నివేదిక వస్తుంది. నీలగిరి తోటలో పరిమి ఉండదు, బలుసు ఉండదు. హార్స్‌లీ హిల్స్ ఈ రెండు ముఖాలనూ ఒకే చోట చూపిస్తుంది. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అనే ఈ చోటికి, కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ పేరు పడింది. కొండ 1,200 మీటర్లు దాటిన ఎత్తు. పైన నీలగిరి చెట్ల నీడ, చల్లటి గాలి, పర్యాటకులు ఫొటోలు దిగే పెద్ద చెట్లు. అవి అందంగానే ఉంటాయి. కానీ పికిలి కోసం వచ్చినవాళ్లు ఆ నీడను వదిలి, బండలు బయటపడే అంచుల వైపు, ఎండ వైపు నడవాలి.

చెట్లు నాటడమే తప్పని దీని అర్థం కాదు. నరికేసిన చోట చెట్లు రావాలి. రిషి వ్యాలీలో దశాబ్దాల పాటు చేసిన పని వల్ల లోయ పచ్చబడి ఎన్నో పక్షులు చేరాయి. అక్కడ కొండ పొద పికిలి నిలవడానికి కారణం, లోయలో చెట్లు పెంచుతూనే చుట్టూ ఉన్న రాతి గుట్టలను గుట్టలుగా ఉంచడం. లోయకు లోయ వైద్యం, గుట్టకు గుట్ట వైద్యం. పొదల గుట్టకు కావలసిన వైద్యం చాలావరకు ఏమీ చేయకుండా ఉండటమే. వేసవిలో గడ్డి కోసం నిప్పు పెట్టకుండా చూడటం, లంటానాను అదుపులో ఉంచడం, దొనల్లో ప్లాస్టిక్ పడకుండా చూడటం. ఖర్చు తక్కువ కాబట్టే వీటికి బడ్జెట్టూ ఉండదు, బోర్డూ ఉండదు.

పిట్టకు అనుకోని కాపుదల కొన్ని చోట్ల దొరికింది. గుట్ట మీద కోట కట్టారు, కోట పురావస్తు శాఖ చేతికి వచ్చింది, దాంతో రాయి బతికింది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణం, తవ్వకం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. సెంజి కోట ఇలాంటిదే. 2025 జులైలో మరాఠా సైనిక కోటల వరుసలో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. శేషాచలం కొండలకు దేవుడి పేరు, జాతీయ పార్కు, 2010లో వచ్చిన జీవావరణ రక్షిత ప్రాంత హోదా మూడూ ఉన్నాయి. ఊరి చివర చిన్న గుడి ఉన్న గుట్టలు కూడా చాలావరకు నిలిచాయి. రాజు కోటకో, దేవుడి గుడికో నోచుకోని గుట్టకే దిక్కు లేదు. పిట్ట మాత్రం ఆ తేడా చూసుకుని గూడు పెట్టదు.

దిక్కు అంటూ ఉన్నది పర్యావరణ అనుమతి ఒక్కటే. ఒకప్పుడు 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులు ఆ పరిధిలోకి వచ్చేవి కావు. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో చిన్న లీజులకూ అనుమతి తప్పనిసరి అయింది. గుట్టలను ముక్కలు ముక్కలుగా తినేసే పద్ధతికి అది తగిన మందు. కానీ అనుమతి కోసం రాసే నివేదికలో గుట్ట మీద ఏమేమి బతుకుతున్నాయో సరిగ్గా రాయాలి కదా. కొండ పొద పికిలి విషయంలో ఆ సర్వే ఎలా ఉండాలో పిట్ట స్వభావమే చెబుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం జీపు దిగి గంట సేపు చూస్తే గుట్ట బోసిగానే కనబడుతుంది, పిట్టలు సందుల్లో ఉంటాయి. వెళ్లాల్సింది తెల్లవారుజామున, ఒకసారి తొలకరి తర్వాత గూళ్ల కాలంలో, ఒకసారి ఎండాకాలంలో దొనల దగ్గర. కూత విని పొద పికిలి అని రాసేసి వచ్చేయకూడదు, గొంతు రంగు కనబడే దాకా కూర్చోవాలి. ఆ ఒక్క గుట్టే కాదు, దాని నుంచి కనుచూపు మేరలో ఉన్న మిగతా గుట్టలూ లెక్కలోకి రావాలి. దొన ఏ నెల దాకా నిలుస్తుందో, పసుపు గొంతు పిట్టలు నీటికి ఏ వేళ దిగుతాయో తెలుసుకోవడానికి మేకలు కాసేవాళ్లను అడగాలి. 1840ల్లో నెల్లూరు డాక్టరుకు ఈ పిట్ట కబురు తెలిసింది కూడా ఇలాంటి మనుషుల వల్లనే అయి ఉండవచ్చు.